మినిట్స్ బుక్కుకి ఎక్కని నిమిషాలు

కొత్త డైరీ చేతికొచ్చిన వారంలో మనుషులకి మూడు కోరికలు పుడతాయి. పొద్దున్నే లేచి నడవాలని ఒకటి, ఇంటిఖర్చు పద్దు రాయాలని ఇంకొకటి, పుస్తకాలు చదవాలని మూడోది. నడక కోరిక సంక్రాంతి అరిసెలతో తీరిపోతుంది. పద్దు కోరిక నెలాఖరు లెక్క చూశాక దానంతటదే చల్లారుతుంది. చదవాలన్న కోరికే మొండిది. సన్నజ్వరంలాగ ఏడాది పొడుగునా ఉంటుంది. తగ్గదు, అలాగని ముదిరి మంచానా పడెయ్యదు.

మా ఇంట్లో ఆ జ్వరం నాది. రోజుకి పది పేజీలని పెట్టుకున్నాను. లెక్క సులువే కదండీ. ‘వేయిపడగలు’ ఎంత లావు పుస్తకమైనా, పేజీలు కూడా వెయ్యే అనుకున్నా, వంద రోజులు. ఉగాదికి కాస్త అటూ ఇటూగా అయిపోవాలి. విశ్వనాథ సత్యనారాయణ గారు ఆ నవలంతా 29 రోజుల్లో చెప్పుకుంటూ పోతే తమ్ముడుగారు రాశారని ప్రతీతి. చెప్పడానికి 29 రోజులు పట్టినదానికి చదవడానికి వంద రోజులిచ్చానంటే నాది ఎంత పెద్ద మనసో చూడండి. అయినా ఈ ముచ్చట విన్నప్పుడల్లా నాకు వచ్చే ఆలోచన వేరు. ఆ 29 రోజులూ పూటపూటా వేళకి కంచం ముందు పెట్టి, ఎవర్నీ అటు రానివ్వకుండా కాసినవాళ్ళెవరా అని!

ఇక చదవలేకపోవడానికి ఉద్యోగస్తులందరి దగ్గరా ఒకటే జవాబు సిద్ధంగా ఉంటుంది. ‘మీటింగులండీ బాబూ, మీటింగులు. ఊపిరాడనివ్వడం లేదు’ అంటారు. నేను మాత్రం మీటింగుల్ని తిట్టలేను. ఉద్యోగంలో చేరాక నేను బాగా చదువుకున్నదంతా వాటి పుణ్యమే.

ఎలాగంటారా? 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టేదాకా తూర్పు గోదావరికి జిల్లా కేంద్రం కాకినాడ. రాజమండ్రిలో పనిచేసేవాళ్ళకి రివ్యూ మీటింగంటే 60 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. తెల్లారగట్ల లేచి, పప్పూ కూరా చారూ చేసి మూతలు పెట్టి, పరిగెత్తి ప్యాసింజరు అందుకోవాలి. కిటికీ పక్కన చోటు దొరికిందా, ఇక నా అంత అదృష్టవంతురాలు లేదు. కడియం, ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు, మేడపాడు... స్టేషనుకి ఇన్ని పేజీలని లెక్క. కడియం దాటేసరికి పొయ్యి మీద ఏం మర్చిపోయానో అన్న బెంగ వదిలేది. బిక్కవోలు వచ్చేసరికి పాత్రల పేర్లు పట్టుబడేవి. సామర్లకోటలో బండి ఆగినంతసేపూ ఇంకో నాలుగు పేజీలు. బుచ్చిబాబు గారి ‘చివరకు మిగిలేది’ నాకు సరిగ్గా మూడు రివ్యూ మీటింగులు పట్టింది, రానూపోనూ కలిపి. తిరుగు బండిలో ఒళ్ళో గొట్టం కాజాల పొట్లం, చేతిలో పుస్తకం. ప్రమోషను వచ్చినప్పుడు కూడా అంత హాయిగా లేదు.

ఇందులో రైలు కంటే ఆ మాటకున్న మహత్తు ఎక్కువ. ‘ఆవిడ మీటింగుకి వెళ్ళింది’ అని చెబితే చుట్టాలైనా, చందాలవాళ్ళైనా మారుమాట్లాడరు. తర్వాత వస్తామని వెళ్ళిపోతారు. ‘ఆవిడ చదువుకుంటోంది’ అని చెప్పి చూడండి. ‘అమ్మయ్య, ఖాళీగానే ఉన్నారన్నమాట’ అంటూ చెప్పులు విప్పి లోపలికి వచ్చేస్తారు. పుస్తకం పట్టుకున్న మగవాణ్ణి చూస్తే ఏదో పరీక్షకి చదువుతున్నాడనుకుంటారు. పుస్తకం పట్టుకున్న ఆడమనిషిని చూస్తే పని లేదనుకుంటారు. ఇన్నేళ్ళలో నేను చూసినంతవరకూ ఈ రెండోదానికి మినహాయింపు లేదు.

జిల్లాలు విడిపోయాక కలెక్టరేటు మా ఊళ్ళోకే వచ్చింది. మంచిదే. అర్జీ పట్టుకుని కాకినాడ దాకా పోవాల్సిన ముసలివాళ్ళకి బస్సు ఛార్జీ మిగిలింది, ఒక రోజు కూలీ మిగిలింది. దానికి వంక పెట్టకూడదు. నాకు మాత్రం రైలు పోయింది. ఇప్పుడు మీటింగులు ఊళ్ళోనే. వాటిలోనూ సగం కంప్యూటర్ తెర మీదే జరుగుతాయి. ‘సార్, మీరు మ్యూట్‌లో ఉన్నారు’ అనడంతో మొదలై, ‘సార్, మీరు మ్యూట్ చేసుకోవడం మర్చిపోయారు’ అనడంతో ముగుస్తాయి. మరి రానూపోనూ మిగిలిన నాలుగు గంటలూ ఏమయ్యాయని వెతికితే, ఎక్కడ దొరికాయనుకున్నారు? వంటింట్లో. ‘మీటింగు ఊళ్ళోనేగా, పెందరాళే వచ్చేస్తావుగా, నాలుగు గారెలు వేద్దూ’ అన్న ముద్దుమాటలో.

ఇది ఒక్క మా ఇంటి గోలే అనుకుంటే పొరపాటు. అమెరికాలో రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో దీని మీద ఒక పుస్తకమే వేశారు. అమ్మకి పని ఇంకాస్త పెరిగింది అని దాని పేరుకి అర్థం. ఇంట్లోకి యంత్రాలు వచ్చినకొద్దీ ఆడవాళ్ళకి తీరిక పెరగాలి కదా, ఎందుకు పెరగలేదన్నది ఆవిడ ప్రశ్న. కొత్త పొయ్యిలు, కొత్త మిషన్లు వచ్చి ఇంటిపనిలో మగవాళ్ళ వంతూ పిల్లల వంతూ తీసేశాయట. అమ్మ వంతు మాత్రం అలాగే ఉండిపోయిందట. పైపెచ్చు ఇల్లు ఇంకా శుభ్రంగా, వంట ఇంకా రుచిగా ఉండాలన్న ఆశ పెరిగిందట.

చదివి ముక్కున వేలేసుకున్నాను. అచ్చం మా గోదావరి ఇళ్ళ కథే. పుల్లలు కొట్టించేది, పొట్టుపొయ్యికి రంపపుపొట్టు తెచ్చి పడేసేది, బియ్యం మర పట్టించుకొచ్చేది, నూతిలో నీళ్ళు తోడేది ఇంట్లో మగవాళ్ళో, ఎదిగిన పిల్లలో. గ్యాసు వచ్చింది, పుల్లలు కొట్టే పని పోయింది. మోటారు వచ్చింది, తోడే పని పోయింది. వండే పని ఎక్కడికీ పోలేదు. రోలున్న రోజుల్లో ఇంటికో పచ్చడి చాలు. మిక్సీ వచ్చాక ఇడ్లీలోకి కొబ్బరి పచ్చడా, అల్లం పచ్చడా అని అడిగేవాళ్ళు తయారయ్యారు. రెండూ ఉంటే బాగుంటుందనే వాళ్ళూ తయారయ్యారు.

మళ్ళీ మీటింగు దగ్గరికొద్దాం. పార్కిన్సన్ అనే ఇంగ్లీషు ఆయన 1950ల్లో ఆఫీసుల మీద వెటకారంగా రాసిన పుస్తకం ఒకటుంది. అందులో ఒక ఫైనాన్సు కమిటీ కూర్చుంటుంది. కోటి పౌండ్ల అణు రియాక్టరు ఖర్చు ముందుకొస్తుంది. సభ్యులకి అది ఒక్క ముక్క అర్థం కాదు కాబట్టి రెండున్నర నిమిషాల్లో ఒప్పేసుకుంటారు. తర్వాత గుమస్తాల సైకిళ్ళు పెట్టుకునే షెడ్డు. రేకులు ఎలాంటివి వెయ్యాలో అందరికీ తెలుసు కాబట్టి 45 నిమిషాలు. ఆ తర్వాత మీటింగులో ఇచ్చే కాఫీ ఖర్చు. కాఫీ గురించి తెలియనివాళ్ళు లోకంలో ఉండరు కాబట్టి గంటంబావు!

ఆయన మా ఆఫీసుకి ఎప్పుడు వచ్చి వెళ్ళాడా అనుకున్నాను. ఆ మధ్య పదకొండు అంశాల ఎజెండాతో కూర్చున్నాం. మొదటి పది అంశాలూ అరగంటలో తేలిపోయాయి. పదకొండోది తాగునీళ్ళ క్యాన్లు. ఎన్ని తెప్పించాలి, ఖాళీ క్యాన్లు ఏ మూల పెట్టాలి, పై అంతస్తుకి ఎవరు మొయ్యాలి... సంబంధం లేని సెక్షనువాళ్ళంతా లేచి మాట్లాడారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు గానీ, మా మీటింగుల్లో దురదంతా కత్తిపీటలకే. చివరికి ఆ విషయం వచ్చే మీటింగులో మాట్లాడుకుందామని తీర్మానించి, జీడిపప్పు పకోడీ తిని లేచాం.

అయినాసరే, దానికి మినిట్స్ రాశాం. అదీ మీటింగుకున్న మర్యాద. ఎవరెవరు వచ్చారో, ఎవరెవరు రాలేదో, ఎన్ని గంటలకి మొదలైందో అన్నీ కాగితం మీదకెక్కుతాయి. ‘తాగునీటి క్యాన్ల విషయమై సుదీర్ఘముగా చర్చించడమైనది’ అని రాశాక దానికో నంబరు, కింద సంతకం, ఆపైన ఫైలు. పదేళ్ళ తర్వాత ఎవరైనా బీరువా తీసి చూసినా, ఫలానా రోజు పదకొండు మంది గంటన్నరసేపు క్యాన్ల గురించి మాట్లాడుకున్నారన్న సంగతి చెక్కు చెదరకుండా ఉంటుంది.

వంటింటికి మాత్రం మినిట్స్ బుక్కు లేదు. ఉంటే ఎలా ఉంటుందో చూద్దామని ఒక ఆదివారం రాసి చూశాను. విషయం: పనసపొట్టు కూర. హాజరైనవారు: అత్తయ్యగారు, నేను. గైర్హాజరు: మిగతా ఇంటిల్లిపాదీ.

పనసకాయ ఇంట్లో కొట్టడం మా మావయ్యగారితోనే పోయింది. చేతులకీ కత్తికీ నూనె రాసుకుని, జిగురు అంటకుండా చెక్కు తీసి, చెక్క మీద పెట్టి ఆయన టకటకా కొడుతుంటే వీధి చివరికి వినపడేది. ఇప్పుడు బజార్లో కొట్టిన పొట్టే అమ్ముతున్నారు. కోవన్ గారు చెప్పింది చూశారా, మావయ్యగారి వంతు బజారుకి పోయింది. అత్తయ్యగారి వంతు, నా వంతు ఇంట్లోనే ఉన్నాయి. తెచ్చిన పొట్టులో గట్టి ముక్కలు ఏరడం, కడగడం ఇరవై నిమిషాలు. ఉప్పూ పసుపూ వేసి ఉడకబెట్టి, వార్చి, చల్లారాక గుప్పెడు గుప్పెడు పిండి పెట్టడం అరగంట. పిండకుండా వేస్తే కూర ముద్దైపోతుంది. చింతపండు నానబెట్టి పులుసు తీయడం, అల్లం, పచ్చిమిర్చి తరగడం, కరివేపాకు దూయడం ఇంకో పావుగంట. శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ తాలింపు. పప్పులు దోరగా వేగేదాకా పక్కకి కదలకూడదు. ఆ తర్వాత పొట్టూ పులుసూ వేసి, నీరంతా ఇగిరేదాకా మగ్గించడం.

అసలు పరీక్ష ఆవ దగ్గరుంది. ఆవాలు ముందే నూరిపెట్టుకుంటే ఘాటు పోతుంది. ఆవగింజ నలిగి నీళ్ళు తగిలినప్పుడే ఆ ఘాటు పుడుతుంది. వేడి తగిలితే చచ్చిపోతుంది. అందుకని చన్నీళ్ళతోనే నూరాలి. కూర దింపి, కాస్త వేడి తగ్గాక కలపాలి. పొయ్యి మీద ఉండగా కలిపితే ఘాటు పోయి చేదు మిగులుతుంది. అంటే ఒక చెయ్యి కూర మీద, ఒక చెయ్యి ఆవ మీద, కన్ను పొయ్యి మీద, చెవి హాల్లోంచి వచ్చే ‘అయిందా’ మీద. ఆ పది నిమిషాల్లో ఎవరైనా పది పేజీలు చదవగలిగితే వాళ్ళకి నా నమస్కారం.

మొత్తం గంటా నలభై నిమిషాలు తేలింది. అది కూరకే. అన్నం, పప్పు, చారు, గిన్నెలు వేరే పద్దు. తినడానికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. కూర బాగుందనే అన్నారు లెండి, ఏ మాటకామాటే చెప్పుకోవాలి.

ఇలాంటి మినిట్స్ దేశానికంతటికీ కలిపి సర్కారు వాళ్ళు రాయించారు. జాతీయ గణాంక కార్యాలయం వాళ్ళు జనం రోజులో 24 గంటలూ ఎలా గడుపుతున్నారో ఇంటింటికీ వెళ్ళి అడుగుతారు. 2019లో ఒకసారి, 2024లో మరోసారి అడిగారు. 2024 లెక్కలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దాని మీద పెట్టేది రోజుకి సగటున 289 నిమిషాలు. మగవాళ్ళలో ఆ పని చేసేవాళ్ళు పెట్టేది 88 నిమిషాలు. ‘చేసేవాళ్ళు’ అన్న మాట గమనించండి. అసలు చెయ్యనివాళ్ళు ఈ సగటులోకి రానే రారు, వాళ్ళని కలిపితే అంకె ఇంకా కిందకి దిగిపోతుంది. 289 నిమిషాలంటే నాలుగు గంటల నలభై తొమ్మిది నిమిషాలు. కాకినాడ వెళ్ళి రావచ్చు, దారిలో సగం నవల చదవచ్చు.

మావారికి ఈ అంకె చూపించాను. ‘88 నిమిషాలు ఎవరు చేస్తున్నారబ్బా’ అని ఆశ్చర్యపోయారు.

మా అత్తయ్యగారి కాలంలో ఈ లెక్కలు లేవు గానీ, ఆవిడకి తన నిమిషాలు ఎక్కడున్నాయో బాగా తెలుసు. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర. వంటిల్లు కడగడం అయ్యాక, సాయంకాలం పొయ్యి వెలిగించేలోపల. ఇంట్లో మగవాళ్ళు కునుకు తీస్తుంటారు, పిల్లలు బడిలో ఉంటారు. ఆ గంటన్నరలోనే వీధి చివరి అద్దె లైబ్రరీలోంచి పావలాకి తెచ్చిన నవలలన్నీ చదివారు. వారపత్రికల్లో సీరియళ్ళు వచ్చే కాగితాలు జాగ్రత్తగా చించి, దబ్బనంతో పురికొసతో కుట్టి, పాత క్యాలెండరు కాగితం అట్ట వేసిన పుస్తకాలు ఇప్పటికీ అటక మీద ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఒక పత్రిక నాలుగిళ్ళు తిరిగేది. మా ఇంటి వంతు వచ్చేసరికి ఆఖరి సంచిక కాగితాలు ఎవరింట్లోనో పచ్చిశనగల పొట్లం అయిపోయాయట. ఆ నవలలో చివరికి పెళ్ళయిందో లేదో ఆవిడకి ఇప్పటికీ తెలియదు. అడిగితే, ‘అయ్యే ఉంటుంది, వంట చేసుకుంటూ ఉండుంటుంది’ అంటారు.

ఆవిడకి ఇద్దరంటే ప్రాణం. ఇద్దరూ ఒక్కరే, మాలతీ చందూర్ గారు. ఒకరు ‘వంటలు-పిండివంటలు’ రాసినావిడ, ఇంకొకరు ‘పాత కెరటాలు’ రాసినావిడ. నూజివీడులో పుట్టి మద్రాసులో స్థిరపడిన మాలతీ చందూర్ 2013 ఆగస్టులో కన్నుమూశారు. ‘హృదయనేత్రి’ నవలకి 1992లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. అవార్డు సంగతి అత్తయ్యగారికి అంతగా పట్టలేదు గానీ, ‘స్వాతి’లో పాత కెరటాలు మాత్రం వదిలేవారు కాదు. ఇంగ్లీషులో వందల పేజీల నవలని నాలుగు పేజీల్లో కథంతా చెప్పేవారు మాలతీ చందూర్. కుక్కరు ఎక్కించి కూర్చుంటే, అది కూతలు వేసి చల్లారేలోపు ఒక నవల అయిపోయేది. ఏడో తరగతి దాటని మా అత్తయ్యగారు ఏ రష్యా ఆవిడో ఏ ఇంగ్లండు ఆవిడో సంసారంలో ఎందుకు వేగలేకపోయిందో ఇరుగుపొరుగు సంగతిలా చెబుతుంటే, పెళ్ళయిన కొత్తలో నేను నోరు తెరిచేదాన్ని. ఇల్లాలి చేతిలో ఎన్ని నిమిషాలుంటాయో తెలిసి రాసిన మనిషి మాలతీ చందూర్. వంటల పుస్తకం రాసిన చెయ్యి కాబట్టే ఆ కొలత తెలిసిందని నా నమ్మకం.

పుస్తకాలు కొనలేనివాళ్ళ కోసం ఊరూరా గ్రంథాలయాలున్నాయి. వాటికి మనమంతా డబ్బు కడుతున్నాం, ఆ సంగతి తెలుసా? 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. రసీదులో చూసుకోండి. చదివినా చదవకపోయినా కట్టాల్సిందే. మా 8 పైసల బాకీ రాబట్టుకుందామని ఒక సెలవు రోజున గౌతమీ గ్రంథాలయానికి వెళ్ళాను. 1898లో నాళం కృష్ణారావు గారు మొదలుపెట్టిన వసురాయ గ్రంథాలయం, తర్వాత వచ్చిన రత్నకవి గ్రంథాలయం కలిసి గౌతమీ అయ్యాయి. ఎంతమంది పండితులు తాళపత్రాలు, పాత పత్రికలు వెతుక్కుంటూ వచ్చే చోటో! బల్లల దగ్గర పేపర్లు చదివే పెద్దమనుషులు, పోటీపరీక్షల కుర్రాళ్ళు. పొద్దున్న పదిన్నరకి నా వయసు ఆడవాళ్ళు ఇంకెవరూ కనపడలేదు. ఎలా కనపడతారు? పదిన్నర అంటే కూర పొయ్యి మీదుండే వేళ.

నా పఠన ప్రణాళిక దారిలో పడింది మాత్రం అత్తయ్యగారి శుక్లాల ఆపరేషనుతో. కన్ను బాగుపడేదాకా కొన్నాళ్ళు పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దని, పుస్తకం పట్టుకోవద్దని డాక్టరుగారు చెప్పారు. పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దంటే మారుమాట్లాడలేదు. పుస్తకం వద్దంటేనే మొహం చిన్నబోయింది. సెలవులకి వచ్చిన మావాణ్ణి పిలిచి, ‘ఒరే, నువ్వు చదివి పెట్టు, నేను వింటాను’ అన్నారు. వాడు ఇంగ్లీషు మీడియం. తెలుగు చదవడమంటే వాడికి రాళ్ళ మీద సైకిలు తొక్కినట్టే. వత్తులొచ్చినచోటల్లా దిగి నడిపిస్తాడు. పొలమూరు శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి గారి కథల పుస్తకం వాడి చేతిలో పెట్టారు. అదైతే సంభాషణలే ఎక్కువ, నోటికి సులువుగా ఉంటుందని ఆవిడ ఎత్తు. నిజమే. రెండో రోజుకే వాడు గొంతులు మార్చి చదవడం మొదలుపెట్టాడు. వంటింటి గుమ్మంలో పీట వేసుకుని అత్తయ్యగారు చేతివాటం మీద గోరుచిక్కుళ్ళు తుంచుతున్నారు. నేను పొయ్యి దగ్గర. గడప అవతల వాడు. పది పేజీలేమిటి, పూటకి ఇరవై అవుతున్నాయి.

నాలుగో రోజు ‘అరికాళ్ళకింద మంటలు’ వంతొచ్చింది. రాజమండ్రి కథే. చిన్నతనంలోనే భర్త పోయిన పిల్ల పుట్టింట్లో పడి ఉంటుంది. తెల్లారింది మొదలు ఇంటిల్లిపాదీ ఆ పిల్లకే పని చెబుతారు. ఒకరి పని చేస్తుంటే ఇంకొకరి కేక. కూర్చునే వీల్లేదు, చేసింది చాలదు. చివరికి ఒక రాత్రి ఆ పిల్ల ఇల్లు దాటి వీరేశలింగం పంతులుగారి తోట దారి పడుతుంది. 1881 డిసెంబరులో ఈ ఊళ్ళోనే ఆయన మొదటి వితంతు వివాహం చేయించారు. ఆయన తోట అంటే అలాంటి పిల్లలకి అప్పట్లో ఒక దిక్కు.

మావాడు ఒక్కొక్కరి గొంతూ మార్చి ఆ కేకలన్నీ చదువుతున్నాడు. మొదట్లో నవ్వుతూనే చదివాడు. రెండు మూడు పేజీలు అయ్యేసరికి నవ్వు తగ్గింది. ‘అమ్మా, ఈ పిల్ల అసలు అన్నం తిన్నదా?’ అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపల హాల్లోంచి మావారి గొంతు, ‘ఏవోయ్, ఓ కాఫీ పడుతుందా?’ అని.

పుస్తకంలో కేకా, హాల్లో కేకా ఒకదాని వెంట ఒకటి వచ్చేసరికి వాడు టక్కున ఆగిపోయి నా మొహం చూశాడు. నేను అలవాటుగా పాలగిన్నె మీద చెయ్యి వేశాను. అత్తయ్యగారు మాత్రం చిక్కుడుకాయ తుంచడం ఆపలేదు. తల కూడా తిప్పకుండా అన్నారు.

‘మీటింగులో ఉన్నాంరా. అరగంట పడుతుంది.’

ఆ మాటకున్న మహత్తు ఇందాకే చెప్పాను కదండీ. హాల్లోంచి మళ్ళీ చప్పుడు లేదు. కాసేపటికి మావారు మమ్మల్ని దాటుకుంటూ లోపలికొచ్చి, పొడి డబ్బా ఏదో పంచదార డబ్బా ఏదో మూతలు తీసి చూసుకుని, తానే కలుపుకున్నారు. పాలు పొంగి పొయ్యి మీద పడ్డ వాసన వచ్చింది. మేం ముగ్గురం లేవలేదు. పిల్ల జట్కా ఎక్కేదాకా కథ ఆపడానికి అత్తయ్యగారు ఒప్పుకోలేదు.

అత్తయ్యగారి కన్ను బాగుపడింది. అయినా చదివించుకోవడం మానలేదు. తన కళ్ళతో చదువుకుంటే చేతులు ఖాళీగా ఉండవట, వింటే రెండు పనులూ అవుతాయట. మావాడు కాలేజీకి వెళ్ళిపోయాక చదవడం నా వంతు, తరగడం ఆవిడ వంతు, ఆదివారాలు గిన్నెలు మావారి వంతు. ‘వేయిపడగలు’ ఇంకా బల్ల మీదే ఉంది. ముందు శ్రీపాద వారిని పూర్తి చేద్దామన్నారు. వచ్చే ఆదివారానికి ‘వడ్లగింజలు’ అనుకున్నాం. చదరంగం కథ, బాగా పొడుగైనది. అందుకని కంద తెమ్మని చెప్పాను. కందా బచ్చలీ కూరంటే చేతులకి నూనె రాసుకుని, చెక్కు తీసి, ముక్కలు తరగడానికే గంట పడుతుంది.